గాలి సముద్రం వైపు పోతుందట

బందరు,
అక్టోబరు 1978

సీమోనూ,

మీ రియాక్టరు పక్క పల్లెల్లో పంచే కరపత్రాన్ని తెలుగు చేశాను. ప్రమాదంలో రియాక్టరును చల్లబరిచే సోడియం అంటుకుంటే లేచే తెల్లపొగలోని అణుధూళి చాలావరకు భవనంలోనే నేలకు దిగుతుందన్నావు. నమ్ముతాను, పుస్తకాలు నేనూ చదివాను. బయటపడ్డదాన్ని గాలి సముద్రం మీదికి తీసుకుపోతుందనీ రాశావు. ఒక్క ముక్కా మార్చలేదు.

నిరుడు తుపానుకు ముందు మీ అమ్మకూ ఇలాగే ధీమాగా కార్డు రాశావు, గాలి మద్రాసు వైపు పోతుంది, ఇల్లు కదలవద్దని. బందరు వచ్చేయమని నేను దివిసీమ దాకా వెళ్ళి అడిగితే, "మావాడు సైంటిస్టు అన్నయ్యా, నీకంటే వాడికే తెలుసు" అని నవ్వింది.

వచ్చే నెల సమాధుల పండుగకు అందరూ తమవాళ్ళ సమాధులకు సున్నాలు వేస్తారు. ఉప్పెనలో కొట్టుకుపోయిన మీ అమ్మ దొరకనే లేదు కనుక నాకా పని లేదు.

కరపత్రం కింద నీ పేరు పెద్ద అక్షరాలతో వేయించు. గాలి తిరిగిన రోజున ఆ మాట ఎవరు చెప్పారో అక్కడి తల్లులకు తెలియాలి. మీ అమ్మకు తెలుసు.

మావయ్య