రోబోల కింద పెళ్లి

జూన్ 3, 1998
దెగ్లూర్ నుంచి వదిన ఫోన్. "ఫోటో చూపిస్తే జమున ఊకుంటలేదు గంగాధర్. బాపు ఎట్ల నడుస్తుండే అని సతాయిస్తది. మా పెండ్లి క్యాసెట్ చూపిస్త అన్న. పద్నాలుగు తారీకు ఐతారం అస్తం."
అన్న లారీ కింద పడి నాలుగేళ్లు. అప్పటికి అన్న కూతురు జమున రెండేళ్ల పిల్ల. కదిలే అన్న ఇంకెక్కడా లేడు, ఆ ఒక్క క్యాసెట్‌లో తప్ప. సరే అన్నాను.

జూన్ 5
నా వీడియో షాపులో అరలన్నీ దులిపాను. లేదు. అద్దెకిచ్చే క్యాసెట్లన్నిటికీ లేబుల్ ఉంటుంది. మనింటిదానికి పేరెందుకని అంటించలేదు. పెద్ద తెలివి.

జూన్ 6
దొరికింది. ఇంట్లోనే, టీవీ కింద. వీసీఆర్‌లో పెట్టాను. సన్నాయి లేదు. రోబోలు.

జూన్ 7
ఆ జపాన్ కార్టూన్ సినిమా. చిన్న చిన్న కథలు ఏడు, అన్నిట్లో రోబోలే. పోయిన ఏడాది ఒక లెక్చరర్ హైదరాబాద్ నుంచి తెచ్చి కాపీ అడిగాడు. ఆయనకొకటి చేశాను. నచ్చింది గనక నాకొకటి. ఖాళీ క్యాసెట్ లేదు, చేతికందింది పెట్టాను.
పెళ్లి క్యాసెట్ మీద ఇంకేదీ రికార్డు కాకూడదని అన్న పెళ్లయిన వారమే క్యాసెట్ చెవి విరిచింది నేను. ఆ గుంటలో కాగితం కుక్కి, టేపు అంటించి, మళ్లీ రికార్డయ్యేలా చేసిందీ నేనే. పాత సినిమాలకు రోజూ చేసే పని. ఒక్కసారి వేసి చూడొద్దా...

జూన్ 8
మూడో కథ. ఒక ముసలమ్మ చనిపోయిన కొడుకు చొక్కా రోబోకు తొడిగి బడికి పంపుతుంది. పక్కన ఎవరూ కూర్చోరు. ఎన్నిసార్లు చూసి మురిసిపోయానో. టేపు లెక్కన సరిగ్గా అక్కడే అన్న తాళి కట్టి ఉంటాడు. నా మీద నాకే అసహ్యం.

జూన్ 9
సినిమా గంటన్నర. క్యాసెట్ మూడు గంటలు. ఆశ.
సినిమా తర్వాత చారలు... తర్వాత భోజనాలు. బంతి మీద బంతి. పెళ్లికొడుకు బంతి రాకముందే క్యాసెట్ అయిపోయింది. అన్న ఎక్కడా లేడు. నేనున్నాను — పప్పు బకెట్‌తో, కెమెరా ముందు, పళ్లికిలిస్తూ. వీడియో అతన్ని బతిమాలి మరీ తీయించుకున్నాను.

జూన్ 11
ఆ వీడియో అతని కోసం ఉమ్రి వెళ్లాను. "అసలుది మీకే ఇచ్చినం గద. మా తాన ఏం ఉండది." చాయ్ తెప్పించాడు. తాగలేదు.

జూన్ 13
రేపు వదినకు చెప్పేస్తాను.

జూన్ 14
చెప్పలేదు.
వాళ్లు రాకముందే భోజనాల దగ్గరికి తిప్పి పెట్టాను. వదిన వంటింట్లో చాయ్ పెడుతోంది. "నువ్వు పెట్టు, నేనస్తున్న."
జమున టీవీ ముందు. తెర మీద బకెట్‌తో నేను. అప్పుడు మీసం ఉంది, తల నిండా జుట్టు ఉంది. అన్నను, నన్ను చూసి చుట్టాలే తికమకపడేవాళ్లు.
"కాకా, గీయనే గద మా బాపు?"
అవునన్నాను. ఎలా అన్నానో.
"మంచిగ నవ్వుతుండు."
వదిన గడపలో నిలబడి ఉంది, కప్పులతో. ఎంత విన్నదో. చాలాసేపు తెర వైపే చూసింది. నన్ను చూడలేదు.
"గంగాధర్, జర ఎనుకకు తిప్పు. సురువు నుంచి చూస్తం."
రిమోట్ నా చేతిలోనే ఉంది.