మంచునీటి ఫలకము, రెండు చెంచాల లోటు

మంచునీటి ప్రయోగ విభాగాధికారి వారికి, మిట్టవీధి చివరి మేడలో నివసించు విశ్రాంత భాషోపాధ్యాయుడు చేయు మనవి.

అయ్యా,

విషయం: రేపు ఊడదీయనున్న మంచునీటి ఫలకమును మా వీధికి ఉంచుట గురించి.

1. ఎడారిలో ఒక పురుగు వేకువనే తల వంచి నిలబడి, వీపుమీది బుడిపెలపై పొగమంచును చుక్కలుగా కూర్చుకొని నోటిలోనికి జార్చుకొనును. ఎవరి అనుమతియు కోరదు. ఆ వీపును పోలిన ఫలకమును తాము మా మేడపై నిలిపినారు. నెలలో అరువది లీటర్లు నిండినచో వీధి అంతటికిని ఫలకములు. నిండనిచో ఉన్నదియు తీసివేత. కొలత ముగియువరకు ఫలకము క్రింది నీటి డబ్బాను ఎవరును ముట్టరాదు. కాపలా నాది, సంతకము నాది.

2. ఫలితము నిక్కముగా తేలవలెనని మా వీధికి ట్యాంకరును ఆపినారు. దిగువ వీధివారి దయవలన ఇంటికి రోజుకొక చెంబు నీరు దక్కినది. ఇరువది తొమ్మిదవ నాడు అదియు రాలేదు.

3. తమ కొలతల గుమాస్తా వారమువారము వచ్చి, డబ్బానీటిని కొలిచి, మురుగుకాలువలో పారబోసెను. "పెద్దాయనా, ఇవి తాగడానికి కాదు, కొలవడానికి" అన్నాడు. ఇరువది యెనిమిదవ నాడు, జ్వరముతో మంచము పట్టిన నా భార్య కిటికీలోనుండి అది చూచి, "ఏవండీ, కాలవ తాగొచ్చు గానీ నేను తాగకూడదా?" అన్నది.

"ఇంకా రెండు రోజులేనే, ఓర్చుకో" అన్నాను. నలువది ఏండ్లు సత్యవ్రతమును బోధించిన నోరు కదా.

4. ముప్పదియవ ఉదయమున గుమాస్తా గాజుపాత్రను కంటియెదుట పట్టుకొని, మొత్తము రెండు చెంచాలు తక్కువైనదని, "ఫలకము లోపభూయిష్టము" అని వ్రాసెను. నిన్ననే నా భార్య పోయినదని చెప్పితిని. "అయ్యో పాపం. ఇక్కడో సంతకం పెట్టండి" అన్నాడు.

5. మేఘుని యాచించు చాతకమును గూర్చి కవులు వేయి పద్యములు చెప్పినారు. దాని గొంతుకు నియమావళి అడ్డుపడినట్లు ఒక్కరును చెప్పలేదు. ఆ లోటు ఎండకు ఆవిరియైనది. ఫలకము నిర్దోషి. ఇరువది ఇండ్ల దాహమును తలచి, ఉత్తర్వును నిలుపుదల చేయుటకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫలకము కాపలాదారు

తా.క.: ఆవిరి మాట అబద్ధమండీ. డబ్బా మూత నేనే తీశాను. రెండే రెండు చెంచాలు. అప్పటికే ఆవిడ మింగలేకపోయింది. పెదవి పక్కనుంచి దిండులోకి జారిపోయాయి. దిండు అలాగే ఉంచాను. రేపు ఫలకం ఊడదీయడానికి వచ్చేవాళ్ళను, ముందు దాన్ని పిండి కొలుచుకోమనండి.