శుభం పడినాంక వచ్చిన రీలు

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈ రోజు కూడా లేదు.

అమ్మ లేచింది. మొహం కడుక్కుంది, తల దువ్వుకుంది, వరండాలో తన కుర్చీలో కూర్చుంది. కాఫీ ఇస్తే తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించింది. మాట మాత్రం లేదు.

చెల్లెలు సరళ పోయి నెల దాటింది. దినాలు కాగానే అమ్మను కోడుమూరు నుంచి కర్నూలుకు, నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటికే నోరు మూసుకుంది. సరళను తెచ్చి ఇంటి ముందు దించినప్పుడు కూడా అరవలేదు. చుట్టూ చేరినవాళ్ళు "ఏడువమ్మా, ఏడిస్తే తగ్గుతాది" అంటూనే ఉన్నారు. చాప అంచు చూస్తూ కూర్చుంది.

గొంతు డాక్టరు టార్చి వేసి చూశాడు. నరాల డాక్టరు స్కాను తీయించాడు. ఇద్దరిదీ ఒకటే మాట — అన్నీ బాగున్నాయి. "ఆమెకు మాట్లాడాలని లేదు మేడమ్."

అది తెలుసుకోడానికి స్కాను ఎందుకు.

ఫిబ్రవరి 23

పప్పులో ఉప్పు రెండుసార్లు వేసినట్టున్నాను. నేను ముద్ద మింగలేకపోయాను. అమ్మ గిన్నె ఖాళీ చేసింది.

మునుపైతే — "ఎవరి మీద కోపమే ఇది, పప్పు మీద తీర్చుకున్యావు?"

ఫిబ్రవరి 25

రాజంపేట నుంచి అన్న ఫోన్. అన్న మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే కష్టం.

"నువ్వు పొద్దున కాలేజీకి పోతే సాయంత్రం దాకా ఆమె ఒక్కతే. ఈడ మీ వదిన ఉంటాది, పిల్లోల్లు ఉంటారు. నాలుగు మాటలు చెవిన పడతాయి."

"ఇంకొన్ని రోజులు చూద్దామన్నా."

"చూస్తానే ఉండాం గదమ్మా. నోరు తెరిచి, నేను ఈడనే ఉంటానని ఒక్క మాట అననీ, నేను రానే రాను. లేకుంటే వచ్చే నెల పదహైదు, ఆదివారం, కారు తీసుకోని వస్తా."

సరే అన్నాను. ఇంకేమంటాను.

సరళ ఉన్నది కోడుమూరులో, మా చేని గట్టున, నాన్న పక్కన. ఇక్కడి నుంచి అమ్మ బస్సెక్కితే గంట. రాజంపేట నుంచి అయితే ఎవరు తీసుకుపోతారు, ఏ పండక్కి? ఇదీ నా వాదన. కానీ అమ్మ వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనూ ఫ్రిజ్ చప్పుడూ మిగులుతాం. అందుకే పట్టుకున్నానేమో. వాదనలు ఎప్పుడూ ఇంత బాగా కుదరకూడదు.

ఫిబ్రవరి 27

కింది ఇంటి ఖాసింబీ వచ్చింది, ఒక్కపొద్దు విడిచినాంక. రంజాను నెల కదా, రోజూ సాయంత్రం ఏదో ఒకటి గిన్నెలో తెస్తుంది. ఈ రోజు సేమ్యా. అమ్మ ఎదురుగా కూర్చుని తన మానాన తను మాట్లాడుతుంది, జవాబు వచ్చినట్టే తల ఊపుతుంది. నాకన్నా నయం. నేను ఆగి ఎదురు చూస్తాను.

"మా నాయన పుట్టిండేది పత్తికొండలో అక్కా... కాదు కాదు, ఆదోనిలో," అని నాలుక కరుచుకుంది. నా వైపు తిరిగి నవ్వింది. "మీయమ్మ ముందర తప్పు చెప్పి తప్పించుకున్నోళ్ళు ఎవరన్నా ఉండారా? పోయిన సంవత్సరం మా ఇంటికి వచ్చి, మా బిర్యానీలోనే తప్పు పట్టె. ఇప్పుడు చూడు."

ఇప్పుడు చూడు.

పడుకున్నాక అదే మాట. తప్పు వింటే అమ్మ ఉండబట్టలేకపోయేది. ఆ రాజకుమారి లాగా.

ఫిబ్రవరి 28

రాజకుమారి సినిమా. ఇంట్లో ఎవరం దాని అసలు పేరు అనలేదు. అమ్మ చిన్నప్పుడు కోడుమూరు టెంటులో ఒకే ఒక్కసారి చూసింది, జన్మంతా చెప్పింది. మాటకొక పాట ఉన్న నలుపు తెలుపు సినిమా. కథ అందరికీ తెలిసిందే — మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న రాకుమారి. ఆమె చేత మాట్లాడించినవాడికే ఆమెనిచ్చి పెళ్ళి. ఎందరో వచ్చి బతిమాలతారు, పాడతారు, ఏడుస్తారు. ఆఖరికి ఒకడు వస్తాడు. ఆమె వైపు చూడను కూడా చూడడు. గదిలో ఉన్న దీపానికి కథ చెప్తాడు, చివర్లో కావాలనే తప్పు తీర్పు చెప్తాడు. ఆ తప్పు వినలేక రాకుమారి నోరు తెరుస్తుంది. "అది కాదు!"

వేరుశెనక్కాయలు ఒలుస్తూ చెప్పేది. నేనూ సరళా చెరో పక్క. పెళ్ళి పాట పాడేది, గొంతు బాగుండేది కాదు. అక్కడికి అయిపోవాలి. అయిపోయేది కాదు.

"శుభం పడె. అందరూ లేసి సాపలు దులుపుకుంటాండారు. అప్పుడు ఇంకో రీలు వచ్చె. లేసినోళ్ళంతా మళ్ళా కూచున్యారు."

ఆ రీలులో — రాకుమారికి ప్రాణం లాంటి చెలికత్తె. తోటలో అవతలి గట్టు మీద ఉంటుంది. రాకుమారి ఇవతలి నుంచి "ఒకసారి రావే" అని పిలుస్తుంది. పూల మధ్య నుంచి పరుగెత్తుకొస్తుంటే పాము కరుస్తుంది. పిలిచిన నోరు ఇంక తెరవనని రాకుమారి ఒట్టు వేసుకుంటుంది. తెర తెల్లగా అయిపోతుంది.

సరళ ప్రతిసారీ అడిగేది. "శుభం అంటే అయిపాయనని కదమ్మా?"

"అయిపాయనని వాళ్ళు అనుకున్యారు."

మార్చి 1, ఆదివారం

తప్పులు చెప్పడం మొదలుపెట్టాను. ఉగ్గాని చేస్తూ ఖాసింబీకి ఫోన్లో, అమ్మకు వినబడేలా — బొరుగులు వేణ్నీళ్ళల్లో గంట నానబెట్టాలి, ఆఖర్న ఇంత బెల్లం వేయాలి. అవతల ఖాసింబీ నిజంగానే భయపడింది. "ఏమాయె నీకు, ఒంట్లో బాగుందా?"

అమ్మ కిటికీలోంచి ఎండను చూస్తోంది.

మార్చి 2

మా మేనమామ పెళ్ళి ఎమ్మిగనూరులో జరిగిందన్నాను. నాన్న ఎప్పుడూ కోపం చేసుకోలేదన్నాను. దీనికైనా నవ్వు వస్తుందనుకున్నాను.

లేదు.

మార్చి 3

చదువుకున్నదాన్ని. తల్లి దుఃఖాన్ని చిన్నప్పటి సినిమాతో తెరవాలని చూస్తున్నాను, తాళం చెవి దొరికినట్టు. ఎవరికైనా చెప్తే నన్నే డాక్టరు దగ్గరికి తీసుకుపోతారు.

మార్చి 5

ఇన్ని రోజులూ చుట్టూ తిరిగి, రాయని సంగతి.

సరళ పోయిన రోజు పొద్దున, తను టీచరుగా ఉన్న ఓర్వకల్లు నుంచి నాకు ఫోన్ చేసింది. బడికి సెలవు, గదిలో ఉంది. "అమ్మ ఉగ్గాని చేస్తాదంట. ఒకసారి రా మే, వేడిగా తిందువు అంటాంది. పోతాండా." స్కూటరు స్టార్టు చేసిన చప్పుడు వినబడింది. హైవే ఎక్కే మలుపు దగ్గర లారీ.

ఒకసారి రా మే.

ఇది నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఈ మాటనూ ఆ రీలునూ పక్కపక్కన పెట్టడానికి ఇన్ని రోజులు పట్టింది. అమ్మకు ఒక్క క్షణం కూడా పట్టి ఉండదు.

మొన్న ఆమె ముందు ఉగ్గాని చేశాను. ఛీ.

మార్చి 7

స్టాఫ్ రూములో, మధ్యాహ్నం, కథ రాసి వెతికితే ఫోన్లో సినిమా దొరికింది. ఎవరో పాత టేపు నుంచి ఎక్కించారు. గీతలు, గరగర. మొదటిసారి చూస్తున్నాను. అమ్మ చెప్పిన చీరలు, అమ్మ చెప్పిన దీపం. ఆ దీపం నిజానికి అంత పెద్దదేం కాదు.

సినిమా మొదలైన కాసేపటికే తోట వచ్చింది. చెలికత్తె, పాము, ఒట్టు. మొదట్లోనే! ఆ తర్వాత మూగతనం, వచ్చిపోయే రాజకుమారులు, దీపం, "అది కాదు", పెళ్ళి పాట, శుభం. దాని తర్వాత ఏమీ లేదు. వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. లేదు.

పక్క కుర్చీలో మేడమ్ "ఏడుస్తున్నారా?" అని అడిగింది. జలుబన్నాను.

మార్చి 8, ఆదివారం

ఖాసింబీ వాళ్ళ మామ వెనకట టెంటు దగ్గర టికెట్లు చింపేవాడట. అడిగాను. ఆమెకు అది కొత్త సంగతేం కాదు. "ఒకటే సినిమా రెండూర్లల్లో ఆడిచ్చేటోళ్ళంట. ఆడ అయిన రీలు సైకిలు మీద ఈడికి రావల్ల. సైకిలు పంచరయితే ఏం చేస్తారు, ఉన్నది వేస్తారు. రానిది వచ్చినప్పుడు వేస్తారు. దుడ్లు ఇచ్చినోళ్ళు ఊరుకోరు కదా, టెంటు పీకుతారు."

అంతే. ఎప్పుడో ఒక సైకిలు టైరు. దానివల్ల మా ఇంట్లో మౌనం కథకు చివరైంది. అసలు కథలో అది మొదలు.

ఎవరికి చెప్పను ఇది? సరళకు చెప్పాలి. ముందు సరళకు ఫోన్ చేయాలని చేయి పోయింది.

మార్చి 9

అమ్మకు చెప్పనా? మాట్లాడకపోవడం మధ్యలోదేనమ్మా, ఆఖరుది కాదు అని.

ఏ హక్కుతో. ఆమె అరవై ఏళ్ళు మోసిన కథ. ఆ రీలు వల్లే కదా, సరళ పోయినప్పుడు ఏం చేయాలో ఆమెకు తెలిసింది. దాన్ని కూడా తీసేస్తే ఏం మిగులుతుంది ఆమె చేతిలో?

మార్చి 10

ఆదివారం దగ్గరికి వస్తోంది. అన్న మెసేజి. గదికి సున్నం కొట్టించాడట. మంచం కిటికీ పక్కన వేశాడట. మంచివాడు.

మార్చి 11

చెప్పాను. ఆమెకు కాదు, దీపానికి చెప్పినట్టు.

సాయంత్రం. కోడుమూరు నుంచి కొత్త చింతపండు వచ్చింది. ముగ్గురం పేపరు పరుచుకుని గింజలు తీస్తున్నాం, నేను, అమ్మ, ఖాసింబీ. ఖాసింబీతో మొదలుపెట్టాను, అమ్మ వైపు చూడకుండా. చూస్తే చెప్పలేను.

"మొదట్లో ఒక తోట. చెలికత్తెను పాము కరుస్తుంది. అందుకని రాకుమారి మాట్లాడదు. తర్వాత ఒకడొచ్చి మాట్లాడిస్తాడు. పెళ్ళి. శుభం. అయిపోయింది."

"బాగుండాది," అంది ఖాసింబీ. "ఏడ్సినా ఆఖర్న నగినట్లు ఉండల్ల సినిమా అంటే."

అమ్మ చేతులు ఆగాయి. వేళ్ళ మధ్య ఒక పండు, సగం చీలి, గింజ కనబడుతూ.

"కాదు."

ఆ గొంతు అమ్మది అనుకోలేదు. గేటు కీచుమన్నట్టుంది.

"అది ముందర కాదు మే. శుభం పడినాంక."

ఖాసింబీ "యా అల్లా" అని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నేను అమ్మ మోకాలు పట్టుకున్నాను. అమ్మా, నేను సినిమా చూశానమ్మా, ఫోన్లో ఉంది, చూపిస్తాను... ఏవేవో అన్నాను. మోకాలి మీంచి నా చేయి తీసి పేపరు మీద పెట్టింది, మెల్లగా. చింతపండు అంటిన వేళ్ళు. గింజ తీసి పక్కన వేసింది. ఇంకో పండు తీసుకుంది.

మార్చి 12

మళ్ళీ లేదు.

ఖాసింబీ పొద్దున్నే మెట్ల మీద ఆపింది. "నోరు తెరిచింది కదా, ఇంకేం కావల్ల నీకు?"

ఏం కావాలి నాకు. మాట కావాలనుకున్నాను, వచ్చింది. నోరు తెరిచి ఆమె చెప్పింది మౌనమే ఆఖరు అని. నేను దాన్ని మాట్లాడటం కింద లెక్క వేసుకోవచ్చా?

ఒకటి మాత్రం — "మే" అంది. సరళను పిలిచిన పిలుపుతోనే నన్ను పిలిచింది. ఇంక తెరవనన్న నోటితో. తర్వాత గమనించుకుని ఉంటుందా? అందుకేనా మళ్ళీ మూసుకుంది?

మార్చి 13

కాలేజీకి పోలేదు. అమ్మ బట్టలు ఇస్త్రీ చేశాను. సంచి తీశాను, మడతపెట్టినవి పక్కన పెట్టాను, లోపల పెట్టలేదు. అమ్మ చూసింది. సంచినీ, నన్నూ.

సాయంత్రం ఫోన్లో ఆ సినిమా పెట్టి ఆమె ముందు స్టూలు మీద ఉంచాను. పేర్లు పడుతుండగానే లేచి లోపలికి పోయింది. పోతూ పోతూ పెళ్ళి పాట హమ్ చేసిందా? ఫ్యాను చప్పుడా? ఫ్యాను ఆపేసరికి ఏమీ లేదు.

మార్చి 14, శనివారం

అన్న ఫోన్. నేను వంటింట్లో, అమ్మ గుమ్మం పక్కన నేల మీద, మిగిలిన చింతపండుతో. స్పీకరు పెట్టాను. ఎందుకు పెట్టానో.

"పొద్దున ఆరుకంతా బయల్దేరతా. ఏమన్నా మాట్లాడిందా?"

"మాట్లాడింది."

 అన్న ఫోను పక్కకు పెట్టి వదినను పిలవడం వినబడింది, "ఒమేయ్, అమ్మ మాట్లాడిందంట." పిల్లలు ఏదో అరిచారు. మళ్ళీ దగ్గరికి వచ్చాడు. ఊపిరి వినబడుతోంది.

"ఏమనింది?"

ఈడనే ఉంటానంది అని చెప్పచ్చు. ఒక్క తప్పు ముక్క. కారు రాదు.

అమ్మ చింతపండు మీంచి తల ఎత్తింది. నేను ఏం చెప్తానో వినడానికి.