చట్టానికి చుట్టం

అడవి నుంచి బస్తీకి వెళ్లే దారిలో వేట నిఘా గేటు దగ్గర అధికారిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నేను, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. "సంపూర్ణ ఆరోగ్యంతో" అని రాయమన్నాడు దస్తావేజుల లేఖరి. మోకాళ్లు ఒప్పుకోలేదు. బుద్ధి మాత్రం స్థిరంగా ఉంది. ఒక్క సంగతి తేలక అది ఇంకా కునుకు తీయకుండా ఉంది. ఇంతకు మునుపు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు.

1. నా కూతురికి నా దుర్భిణి. చిన్నప్పుడు దాన్ని తిరగేసి పట్టుకుని, "నాన్నా, ఎంత దూరం వెళ్లిపోయావో" అనేది. ఇకమీదట సరిగ్గా పట్టుకో తల్లీ. చూస్తే పిట్టల్ని చూడు, మీ పక్కింటివాళ్లని కాదు.

2. నా పాత పై అధికారికి, అగ్గిపెట్టెలో దాచిన సీసపు గుండు ఒకటి. గుడ్లు పొదిగే నెలల్లో అడవి పిట్టను చంపడమే కాదు, అమ్మినా, కొన్నా, దాని ఈక ఇంట్లో ఉన్నా అప్పట్లో నేరం. ఉచ్చు పన్నిన పేదవాళ్లను జైలుకు పంపిన ఆ పెద్దమనిషే, అవే నెలల్లో బస్తీ హోటల్లో నా ఎదుట విందు ఆరగిస్తూ ఈ గుండును కొరికాడు. పన్ను కదిలింది. గుండును పళ్లెం అంచున పెట్టి, "పెంపుడు కోడేనయ్యా" అన్నాడు. పెంపుడు కోడి ఏ యుద్ధానికి వెళ్లొచ్చిందో ఆయనే చెప్పాలి. ఆయన గతించి ఉంటే గుండు ఆయన వారసులకు చెందును.

3. నా భార్యకు ఇల్లు, ఇంట్లోని సామాను, నాలుగు గిన్నెల క్యారియరు. ఆ క్యారియరులో రోజూ మధ్యాహ్నం నాకు గేటు దగ్గరికి అన్నం తెచ్చేది. పై రెండు గిన్నెలు నావి, కింది రెండూ బస్తీలో ఉండే మా అత్తగారివి. నాకు వడ్డించి అటే బస్తీకి నడిచేది. గేటు అడ్డుకర్ర నేనే ఎత్తేవాణ్ణి. కన్నతల్లిని అంత శ్రద్ధగా చూసుకున్న కూతుర్ని నేనింకొకరిని ఎరగను.

4. నా భార్య తమ్ముడికి, అంటే నా బావమరిదికి, బొగ్గుల కొట్టు, దాని వెనక గది. జాగా నాది, కాపురం అతనిది. నా తర్వాత ఎవరైనా అమ్మేస్తే అతను ఈ వయసులో వీధిన పడతాడు. అయితే షరతు ఉంది.

ఇతను అడవి నుంచి బస్తీకి బొగ్గుల బండి తోలేవాడు. బొగ్గుల చాటున కౌజు పిట్టలూ తోలుతున్నాడని అందరికీ తెలుసు. నేను గోతాలు కుమ్మరించాను. ఇరుసు తట్టి చూశాను. ఎద్దుల గడ్డి విదిలించాను. చేతులు మసి కావడమే తప్ప ఒక్క ఈక దొరకలేదు. సాయంత్రానికల్లా హోటల్లో సర్వరు తెలిసినవాళ్ల చెవిలో "ఇవాళ చుట్టాలొచ్చారు" అనేవాడు. అడవి పిట్టలు వచ్చాయని దాని అర్థం. మా ఆఫీసులో నా వెనక, "ఆ బండివాడు చట్టానికి చుట్టం కదా" అని నవ్వుకునేవారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అవి ఎలా దాటాయిరా అని ఎన్నిసార్లడిగినా ఇతనిది ఒకటే జవాబు: "పిట్టలు కదా బావా, ఎగిరి దాటుంటాయి."

కనుక ఆ పిట్టలు నా గేటు ఎలా దాటాయో అతను నాకు చెప్పాలి. చెబితే కొట్టు అతనిది, లేకపోతే నా కూతురిది. ఇప్పుడు కేసూ లేదు, కోపమూ లేదు. తెలుసుకోకుండా పోవడం నావల్ల కాదు, అంతే.

5. మనవరాలికి నా ఈల. వాళ్లమ్మ దాచేస్తే ఈ కాగితం చూపించవలెను.

6. (తరువాత చేర్చినది.) పైదంతా ఈ ఉదయం ఇంట్లో చదివి వినిపించాను. సాక్షులుగా పోస్టుమాస్టరునూ దర్జీనీ పిలిచాను. నాలుగో అంశం పూర్తికాగానే బావమరిది లేచి, దర్జీ చేతిలోని కలం లాక్కుని, "సాక్షి సంతకం నేను పెడతా బావా" అన్నాడు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆ వీలునామాలో ఏమీ దక్కదు. ఆ సంగతి అతనికి నాకంటే బాగా తెలుసు, చట్టంలోని కంతలన్నీ అతను దూరి చూసినవే. అంటే నెత్తి మీద నీడ పోయినా సరే, నోరు విప్పడన్నమాట. ఎవరి కోసం?

తల తిప్పి చూశాను. నా భార్య, తోమి బోర్లించిన క్యారియరు గిన్నెలను తీసి మళ్లీ తుడుస్తోంది. అప్పుడు తట్టింది. మా అత్తగారికి పళ్లు లేవు. ఆవిడ జావ తప్ప ఏమీ తినేది కాదు. జావకు రెండు గిన్నెలెందుకు?

అడ్డుకర్ర ఎత్తింది నేనే. "ఎండగా ఉంది, నీడపట్టున వెళ్లు" అని జాగ్రత్తలు చెప్పి మరీ పంపాను. కోపం వస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను. ఇంత గుండెధైర్యం ఉన్న మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశానని గర్వంగా కూడా ఉంది.

కాబట్టి నాలుగో అంశం రద్దు. కొట్టూ గదీ నా భార్యకే చెందును. తమ్ముణ్ణి ఆమె ఖాళీ చేయించదు. ఆమెకు షరతులేమీ లేవు, నా కోరిక ఒక్కటే. నేను బతికుండగా ఒక మధ్యాహ్నం ఆ క్యారియరు నా ముందు పెట్టి, కింది గిన్నెలు తనే తెరిచి చూపించాలి. ఖాళీవైనా సరే.

తేదీ: వేట నిషేధపు నెలల్లో రెండవది, పదకొండవ రోజు.

సంతకం: గేటు అధికారి (విశ్రాంత)

సాక్షులు:
1. పోస్టుమాస్టరు
2. బావమరిది, బొగ్గుల వ్యాపారి (చట్టానికి చుట్టం)