ఆరేళ్ల ట్రైనీ

బహ్లా, 4 మార్చి 2015

కృపావతి మేడమ్ గారికి, కుట్టుమిషన్ మీది నుంచి లేవకుండానే జయరాముడు పెట్టే నమస్కారాలు.

నాకు చెవులు వినపడవు కాబట్టి ఫోన్‌కు బదులు ఈ కాగితం కంపెనీ వ్యాన్‌లో పంపుతున్నాను. ఆరేళ్లుగా ఈ పరాయి దేశంలో యూనిఫాంలు కుడుతున్నా, జీతం కాగితంలో నేనింకా ‘ట్రైనీ’నే. పక్క మిషన్ ఎహసాన్‌కు కాలర్ కుట్టడం నేర్పింది నేనే. అతను మాత్రం ‘టైలర్’, జీతం నాకు రెండింతలు. మొన్న లీవులో ఇంటికెళ్తే నా కూతురు ఆ కాగితం చూసి, “నాయనా, నువ్వింకా నేర్చుకుంటానే ఉండావా?” అని నోటుబుక్కులో రాసి చూపించింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. దయచేసి ఆ మాట మార్పించండి.

ఇట్లు,
జయరాముడు

తా.క. నాకు పాఠం చెప్పే మాస్టరు ఎవరో తెలియజేయండి. ఆరేళ్లలో ఒక్కసారైనా మొహం చూడాలి కదా.

అజైబా, 11 మార్చి

జయరాముడు గారికి, హెడ్డాఫీసు నుంచి కృపావతి వందనాలు.

అది తిట్టు కాదండీ. వికలాంగులకు ఇచ్చేదాన్ని మన కంపెనీ టాక్సు కాగితాల్లో జీతంగా చూపించరు, ‘శిక్షణ ఖర్చు’ అని రాస్తారు. శిక్షణలో ఉన్నారంటే పూర్తి జీతం ఇవ్వక్కర్లేదని మేనేజర్ గారి తెలివి. శిక్షణ పూర్తయితే తప్ప ఆ మాట మారదు. నాకూ బాధగానే ఉంది.

మీ
కృపావతి

తా.క. మాస్టరు కోసం ఫైలంతా వెతికాను. ఆ గడిలో మీ పేరే ఉంది.

బహ్లా, 25 మార్చి

మేడమ్ గారికి, మాస్టరు జయరాముడి నమస్కారాలు.

పూర్తయితే మారుతుందన్నారు, ప్రాణం లేచొచ్చింది. మాస్టరును నేనే కాబట్టి పరీక్ష కూడా నేనే పెట్టుకున్నాను. క్యాలెండర్‌లో మేనేజర్ గారి ఫోటో చూసి, కొలతలు అంచనా వేసి చొక్కా కుట్టాను. వ్యాన్‌లో పంపుతున్నాను. నూటికి తొంభై ఆరు వేసుకున్నాను. నాలుగు మార్కులు గుండీల దగ్గర కోశాను.

మీ దయ కోరే
జయరాముడు

తా.క. ఫోటో పాతది కదా, పొట్ట దగ్గర రెండంగుళాలు వదిలాను.

అజైబా, 9 ఏప్రిల్

జయరాముడు గారికి, ఏ మొహంతో పలకరించాలో తెలియని కృపావతి రాయునది.

చొక్కా మేనేజర్ గారికి అతికినట్టు సరిపోయింది. మనసు కరుగుతుందని మీ ఉత్తరం కూడా చదివి వినిపించాను. అదే నేను చేసిన తప్పు. ‘శిక్షణ పూర్తయింది’ అని వెంటనే సంతకం పెట్టేశారు. పూర్తయినవాళ్లకు ఇక శిక్షణ ఖర్చు రాయకూడదట. టైలర్ ఉద్యోగం ఖాళీ లేదట. ఈ నెలాఖరుకు మీ వీసా రద్దు. టికెట్ ఈ కవర్లోనే ఉంది. ఎంత బతిమాలినా వినలేదు. మీ కడుపు కొట్టింది నేనేనని ఏడుపొస్తోంది, అన్నా.

మీ చెల్లెలు
కృపావతి

తా.క. వచ్చే వారం మీ మిషన్ దగ్గరికి కొత్త ట్రైనీ వస్తున్నాడు. పేరు లెవి, మూగవాడు. ఊళ్లో ఇరవై ఏళ్లు దర్జీ పని చేశాడట. వెళ్లేలోగా అతనికి శిక్షణ మొదలుపెట్టమని మీకు ఆర్డరు. పరీక్ష మాత్రం ఎప్పుడూ రాయొద్దని చెప్పండి.