జామచెట్టు కింద గుంటలు

మస్కట్

చిన్నదానివై ఉండీ నా మీద పెత్తనం చేసే చెల్లెలు జానీబీకి, అక్క సైదాబీ దీవించి రాస్తున్నది. అల్లా దయవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ, నీ కడుపులో బిడ్డా, అమ్మా నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటాను. నాన్న దగ్గు తగ్గిందా? పరుపులకి పత్తి ఏకేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పు. నేను చెబితే వింటాడు, నువ్వు చెబితే నవ్వుతాడు.

ఇక్కడి ఎండ గురించి ఏం రాయను, మన పర్చూరు ఎండే నయం. పని బాగుంది. జంతువుల ఆసుపత్రిలో బోనులు కడగడం, దుప్పట్లు ఉతకడం. మొదట్లో ఆ వాసనకి అన్నం సయించేది కాదు, ఇప్పుడు అలవాటైంది. గదిలో నాతో ఉండే అమ్మాయికి కారం పడదు. మీరు పంపిన గోంగూర పచ్చడి సీసా మూత తీస్తే చాలు, బయటికి పోతుంది. నేనొక్కదాన్నే కూర్చుని తింటాను. మీరంతా గుర్తొచ్చి కళ్ళు చెమరుస్తాయి. కారం వల్లేనని ఆ పిల్లతో చెబుతాను. బెంగపడకు, బాగానే ఉన్నాను.

సరే, అసలు సంగతికొస్తాను. అమ్మ చెబితే నాన్న రాసిన ఉత్తరం అందింది. గుంటూరు బ్రాడీపేటలో డాక్టరమ్మ నీ రక్తం పరీక్ష చేయించి, పిల్లుల నుంచి వచ్చే టాక్సో అనే జబ్బు గుర్తు కనిపించిందని చెప్పిందట కదా. నిరుడు ఐదో నెలలో పోయిన బిడ్డ కూడా దానివల్లేనేమోనని అమ్మ హడలిపోయి, మన పిల్లి దూదిని గోతంలో వేసి, గుంటూరు మిర్చి లారీలో ఎక్కించి, నల్లపాడు దగ్గర వదిలేయించిందట. చదివి ఏడ్చాను జానీ. నాన్న ఏకిన పత్తి గుట్టలో పుట్టిన పిల్ల అది. తెల్లగా ఉందని దూది అని పేరు పెట్టింది నువ్వే. అయినా అమ్మని తప్పుపట్టను. ఒకసారి కడుపుకోత చూసిన ఇల్లు మనది.

కానీ విను. ఇదే టాక్సో గురించి మా ఆసుపత్రిలో రోజూ మాటలే. మా డాక్టరమ్మ కేరళావిడ. ఇళ్ళలో పెంచుకునే పిల్లులకీ, వీధుల్లో తిరిగే పిల్లులకీ రక్తం తీసి, ఎన్నింటికి ఈ గుర్తు ఉందో చూస్తోంది. అవి గింజుకోకుండా పట్టుకునేది నేనే, నా చేతుల నిండా గీరుళ్ళే. గడప దాటకుండా డబ్బా తిండి తినేవాటిలో తక్కువట. ఎలకల్నీ పిట్టల్నీ పట్టి తినే వీధి పిల్లుల్లో చాలావాటికి ఉందట. అది విని భయపడి, "నేనీ పని మానేస్తానమ్మా" అన్నాను. ఆవిడ నవ్వింది.

"రక్తంలో గుర్తుందంటే ఎప్పుడో సోకిందని అర్థం సైదా, ఇప్పుడు నీకు అంటిస్తుందని కాదు. మొదటిసారి సోకినప్పుడు కొన్నాళ్ళపాటు దాని పెంటలో ఆ క్రిమి పడుతుంది, అంతే. కానీ అలా పడింది మట్టిలో నెలల తరబడి చావకుండా ఉంటుంది. పిల్లిని నిమిరితే రాదు. ఆ మట్టి నోట్లోకి పోతే వస్తుంది. కడగని కూరలతో, సరిగ్గా ఉడకని మాంసంతో వస్తుంది" అంది.

మట్టి అనగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. ఇక్కడి నుంచి గట్టిగా చదవకు, పెరట్లోకి పోయి నీలో నువ్వే చదువుకో.

నాన్న ఉత్తరం చివర అమ్మ మాటగా ఇంకొకటి రాశాడు. దూది పోయాక పందికొక్కులు ఎక్కువయ్యాయట, పొద్దున లేచేసరికి జామచెట్టు మొదట్లో కొత్తగా గుంటలు పడుతున్నాయట. ఏమే జానీ, ఆ పందికొక్కు చేతికి గాజులున్నాయి కదూ?

నన్ను మాయ చెయ్యలేవు. చిన్నప్పుడు తొలకరి పడితే వంటింటి గోడ గీరుకుని తిన్నది మనిద్దరమే. నాకా పిచ్చి పోయింది, నీకు కడుపుతో ఉన్నప్పుడల్లా తిరగబెడుతుంది. పాండురోగం వస్తుందని అమ్మ తిడుతుంది గనక దొంగచాటుగా తింటావు. మరి దూది గుంట తీసి పూడ్చుకునేది ఎక్కడో గుర్తుందా? ఆ జామచెట్టు కిందే! పిల్లినేమో ఊరు దాటించారు, అది పూడ్చింది మాత్రం నువ్వు నోట్లో వేసుకుంటున్నావు.

తిట్టడం లేదమ్మా. భయమేసి రాస్తున్నాను. నీకున్నది పాతదో కొత్తదో నాకు తెలియదు. మా డాక్టరమ్మని అడిగితే, పరీక్ష కాగితం చూడకుండా చెప్పలేనంది. పాతదైతే ఈ బిడ్డకి భయం చాలా తక్కువట, కొత్తదైతే మందులున్నాయట. పోయిన బిడ్డ దీనివల్లే పోయిందని ఇప్పుడెవరూ తేల్చి చెప్పలేరట. కాబట్టి మీ ఆయన్ని, మస్తాన్ మరిదిని తీసుకుని మళ్ళీ బ్రాడీపేట వెళ్ళు. మట్టి తింటున్నానని డాక్టరమ్మతో నోరు తెరిచి చెప్పు. సిగ్గుపడితే బిడ్డకే నష్టం.

తిరిగొచ్చేటప్పుడు మరిదిని నల్లపాడులో దిగి, ఒకసారి పిలిచి చూడమను. తెల్లపిల్లులు చాలా ఉంటాయి గానీ దూదీ అంటే పలికేది అదొక్కటే. దొరికితే తెచ్చుకోండి. దాని పెంట ఎత్తే పని నాన్న చూసుకుంటాడు, నువ్వు మాత్రం ముట్టుకోవద్దు.

మా ఆసుపత్రిలో పనిచేసే చీరాల ఆయన ఊరికి వస్తున్నాడు, ఖర్జూరాలు పంపుతున్నాను. మన్ను మీదికి మనసు పోయినప్పుడల్లా ఒకటి నోట్లో వేసుకో. మొన్న ఇక్కడ నాలుగు చినుకులు పడ్డాయి. బోనులు కడుగుతుంటే ఆ వాసన వచ్చింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను, నోట్లో నీళ్ళూరాయి. కాబట్టి నీ బాధ నాకు తెలియనిది కాదు తల్లీ.

అమ్మకీ నాన్నకీ నా సలాములు. దర్గా మీదుగా వెళ్ళినప్పుడు నా పేర కూడా ఒక దువా చెయ్యమని అమ్మకి చెప్పు. శుక్రవారం ఎరువుల కొట్టులోని ఫోనుకి చేస్తాను, వచ్చి ఉండు. చుట్టూ జనం ఉంటారని నాకూ తెలుసు, ఏమీ వివరంగా చెప్పక్కర్లేదు. "అక్కా, నాన్న చేత గుంటలు పూడ్పించాను" అను. ఆ ఒక్క మాటకే నేను ఫోను చేసేది.

మన్ను తిన్న రెండో నోరు,
నీ అక్క
సైదాబీ