చింపిన సంతకం కాగితం

ప్రేమ్‌రాజన్నా,

మీ అమ్మకు అన్యాయం చేసింది డాక్టర్లు కాదు, నేనే. "మత్తిచ్చి మనోళ్ల మీద ప్రయోగాలు చేస్తున్నరు" అని పత్తర్‌గట్టి బజార్ల కరపత్రాలు పంచిన. ఐసీయూ ముంగట నువ్వు సంతకం పెట్టిన కాగితం గుంజుకొని చింపిన. అండ్ల ఏమున్నదో చదువనే లేదు.

నిన్న నర్సు బేబీ సిస్టర్ అసొంటిదే ఇంకో కాగితం నా చేతుల పెట్టింది. "లీడర్ సాబ్, ఇప్పుడన్నా చదువుండ్రి" అన్నది. మత్తు దిగేటప్పుడు ఇంటోళ్లు పక్కన కూసొని మాట్లాడితే పేషెంట్ల గాబరా తగ్గుతదా అని చూసే పరిశోధన అది.

మత్తు దిగుతుంటే అమ్మ పైపులు గుంజుకుంటున్నదని చేతులు కట్టిండ్రు. నిన్నే పిలుస్తున్నదట. మళ్ల సంతకం పెడితే నిన్ను లోపల కూసోనిస్తరు.

కరపత్రం తీసుకున్నోళ్లందరినీ పిలిచిన. వాళ్ల ముందే ఆ కాగితం మొత్తం నేను చదువుత. లోపలికి పంపేది పొద్దుగాల పదింటికేనట, రేపు ఆ టైంకు ఐసీయూ కాడ కలుద్దాం అన్నా. నన్ను తర్వాత తిట్టు, ముందుగాల సంతకం పెట్టి అమ్మ దగ్గరికి పో.